నాగరత్నం నేర్పిన మైనం పని

వేడి ఇస్త్రీపెట్టెకు కొవ్వొత్తి ఆనించగానే చుయ్యిమని చిన్న చప్పుడు వస్తుంది, దాని వెనకే ఒక వాసన. అప్పుడే ఆర్పిన దీపం వాసనలా ఉంటుంది గాని, కాస్త జిడ్డుగా ముక్కును పట్టుకుంటుంది. మొన్న పొద్దున షెడ్డులో ఆ వాసన తగిలి, చేతిలో పని ఆపి కాసేపు అలాగే నిలబడిపోయాను. మీకు ముందే ఒక సంగతి చెప్పాలి. సౌదీలో అల్ ఖోబర్ అవతలి ఇసుక దిబ్బల మీద ఇవాళ ఎవరు సర్రున జారినా ఆ జారుడు నా చలవే. మంచు మీద జారడానికి చేసిన స్నోబోర్డును ఇసుక మీద పరుగెత్తించే మైనం పని ఈ దేశంలో కనిపెట్టినవాణ్ణి నేను. ఒంటిచేత్తో అరవై బోర్డులు తయారు చేశాను.

అరవై కాదు, పదకొండు. పన్నెండోది వంకరపోయి షెడ్డుకు తలుపుగా పనికొచ్చింది. కనిపెట్టింది కూడా నేను కాదు, నాగరత్నం. ఆమె ఏనాడూ బోర్డు ఎక్కలేదు. మంచు ఎలా ఉంటుందంటే ఫ్రిజ్ వైపు చూపించేది.

ఆమెది రాజోలు దగ్గర ఊరు, నాది జగిత్యాల. మాకు వీసా ఇచ్చిన యజమాని, అంటే మా కఫీల్, అబూ ఫహద్ ఇంట్లో ఆమె వంట, బట్టలు, పిల్లల పని అన్నీ చూసేది. నేను అదే ఇంటి వెనక గదిలో ఉంటూ, దిబ్బల దగ్గర ఆయన పెట్టిన టూరిస్టు క్యాంపులో మరమ్మతులు చూసేవాణ్ణి. మగవాడు ఆ వంటింటి గడప తొక్కే రివాజు లేదు. కాబట్టి మా పలకరింపులన్నీ వెనక కిటికీ దగ్గరే. ఊచల సందులోంచి చాయ్ గ్లాసు అరుగు మీద పెట్టి, కిటికీ అద్దం మీద రెండుసార్లు వేలితో కొట్టి వెళ్లిపోయేది. నన్ను అన్నయ్యగారూ అనేది, నేను చెల్లే అనేవాణ్ణి. వారమంతా అరబ్బీ మాటలకు తలూపడంతోనే సరిపోయేది ఆమెకు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం నాలుగు గంటల సెలవు. నాలుగు వీధుల అవతల ఇంకో తెలుగామె గదిలో కూర్చుని, చేపల పులుసు వండుకుని, కడుపునిండా తెలుగు మాట్లాడుకుని వచ్చేది. ఆ రోజు సాయంత్రం ఆమె గొంతే వేరుగా ఉండేది.

ఎవరో వాడి వదిలేసిన స్నోబోర్డులు పన్నెండు, అబూ ఫహద్ చవగ్గా కొనుక్కొచ్చాడు. ఇసుక మీద పెడితే అవి కదల్లేదు. బయటి దేశం మైనం తెప్పిద్దామంటే దాని ధర విని నవ్వాడు. వచ్చే శుక్రవారానికి ఇవి జారకపోతే వీటినీ అమ్మేస్తాను, నీకూ దేశం వదిలే ఖురూజ్ ముద్ర కొట్టించి ఇంటికి పంపుతాను అన్నాడు. ఇక్కడ ఉండి పనిచేయనిచ్చే కార్డు, నా ఇఖామా, గడువు ఆ నెలతో అయిపోతోంది. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఇంకో కఫీల్ దొరికేదెక్కడ? ఇంటి దగ్గర నా భార్య మందులన్నీ ఆ కార్డు మీదే నడుస్తున్నాయి.

కొవ్వొత్తులు కొన్నాను. ఇస్త్రీపెట్టె కావాలంటే, మూలన పడి ఉన్న పాతదాన్ని నాగరత్నం మేడమ్‌కు, అంటే అబూ ఫహద్ భార్యకు, చెప్పకుండానే కిటికీలోంచి అందించింది. ఎలా చేయాలో కూడా ఏదో చెప్పబోయింది. "ముప్పై ఏండ్ల సంది తలుపులకు పాలిష్ కొడుతున్న చెల్లే, నాకు చెప్తవా?" అన్నాను. ఆమె పొయ్యి వైపు తిరిగింది.

పాలిష్ మేస్త్రికి తెలిసిన విద్య ఒకటే: పూత మీద పూత. ఒకటి ఆరాక ఇంకొకటి వేసి, మొహం కనపడేదాకా మెరిపించాలి. బోర్డులకూ అదే చేశాను. కొవ్వొత్తులు కరిగించి వేలు మందాన పోశాను. పెళ్లికూతుళ్లలా మెరిశాయి. శుక్రవారం మొదటి టూరిస్టు దిబ్బ పైనుంచి రెండు గజాలు జారాడో లేదో, ఆ మైనం ఇసుకనంతా పట్టుకుని పకోడీకి పిండి పట్టినట్టు అయింది. బోర్డు అక్కడే ఆగింది, మనిషి మాత్రం ఆగలేదు. నోటినిండా ఇసుకతో కింద తేలాడు.

ఏమైందని అబూ ఫహద్ అడిగాడు. ఇక్కడ ఒక అందమైన అబద్ధం రాద్దామని చాలాసేపు కూర్చున్నాను, చేతకాలేదు. ఇస్త్రీపెట్టె చెడిపోయింది, ఇంట్లో ఆమె పాడైనదాన్ని ఇచ్చింది అన్నాను. దాంతో ఆయన ఇంకో వారం గడువిచ్చాడు. ఆ మాట మేడమ్ చెవికి చేరింది. అడగకుండా ఇంట్లో వస్తువు బయటికి ఇచ్చినందుకు నాగరత్నం శుక్రవారం సెలవు రద్దయింది.

మర్నాడు చాయ్ వచ్చింది. అద్దం మీద వేలి చప్పుడు మాత్రం లేదు. నేను గ్లాసు ముట్టుకోకుండా తల వంచుకుని నిలబడ్డాను. కాసేపటికి కిటికీలోంచి మాట వినిపించింది.

"పెట్టె బాగానే ఉందండి. మీరు ఆ బోర్డు ఒకటి ఇలా పట్రండి."

రెండు బకెట్లు బోర్లించి బోర్డు వాటి మీద పెట్టాను. వైరు కిటికీలోంచి వచ్చింది. ఆమె లోపల ఉల్లిపాయలు తరుగుతూ, నేను బయట ఇస్త్రీ పట్టుకుని. హాల్లో తివాచీ మీద కొవ్వొత్తి ఒలికితే కాగితం వేసి ఇస్త్రీతో తీసేది ఆమే కాబట్టి, మైనం ఎంత వేడికి కదులుతుందో ఆమె చేతికి తెలుసు. పట్టుబట్టలకు పెట్టే వేడి చాలు, పొగ వచ్చిందంటే ఎక్కువైనట్టు. పెట్టెను ఎక్కడా నిలపకూడదు. బోర్డు వెనక్కి చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి. అన్నీ చేశాను. చల్లారాక పిల్లల ప్లాస్టిక్ స్కేలు ఒకటి ఊచల్లోంచి ఇచ్చి గీకమంది.

"గీకుడేంది చెల్లే, ఇంత మైనం పారేస్తమా?"

"పైన ఉన్నదంతా ఇసక కోసమేనండి. లోపలికి పోయిందే మీది. గీకండి."

ముక్కు నుంచి తోక దాకా గీకాను. కష్టపడి పూసినదంతా తెల్లటి పొట్టులా రాలుతుంటే ప్రాణం ఉసూరుమంది. ఆఖరికి గిన్నెలు తోమే పీచుతో రుద్దించింది. మెరుపు లేదు, చూడ్డానికి ఏమీ పూయనట్టే ఉంది. చేత్తో నిమిరితే మాత్రం వేలు ఆగలేదు. ఆ వారం అబూ ఫహద్ స్వయంగా ఎక్కాడు, దిబ్బ అడుగు దాకా జారి, లేచి, మళ్లీ పైకెక్కాడు. నా ఇఖామా కాగితాలు కదిలాయి. ఆ సాయంత్రమే నేను ఆయనకు నిజం చెప్పేశాను. తప్పు నాది, పెట్టెది కాదు, ఆమెది అసలే కాదు అన్నాను. నాగరత్నానికి శుక్రవారం తిరిగి వచ్చింది.

ఆమె రెండేళ్లు ఉండి ఊరు వెళ్లిపోయింది. నేను ఇంకా ఇక్కడే ఉన్నాను. ఇప్పుడు ఏ పనైనా మెరవగానే నాకు అనుమానం వస్తుంది. తలుపుకు పూత వేసినా, ఎవరినైనా పొగిడినా, ఇదిగో ఇలా రాసినా, రెండోసారి స్కేలు పట్టుకుని కూర్చుంటాను. సగం రాలిపోతుంది. మిగిలిన దానికి వన్నె తక్కువే గాని, నిమిరి చూస్తే చేతికి అడ్డం పడదు. నాకు అన్నం పెట్టిన పని వంటింటి కిటికీ బయట నిలబడి నేర్చుకున్నదని చెప్పుకోవడానికి ఒకప్పుడు సిగ్గుపడేవాణ్ణి. ఇప్పుడు షెడ్డుకు వచ్చినవాళ్లకు అదే ముందు చెబుతాను.

ఇదంతా నిన్న ఫోనులో ఆమెకు చదివి వినిపించాను. మధ్యలో ఎక్కడా అడ్డు చెప్పలేదు. పకోడీ దగ్గర నవ్వినట్టు వినపడింది. అయిపోయాక ఎలా ఉందని అడిగాను.

"బాగానే ఉంది గాని, ఆ సాయంత్రమే నిజం చెప్పానని రాశారే, అది కాదండి అన్నయ్యగారూ. ఇఖామా చేతికొచ్చాక చెప్పారు. ఈలోగా నాకు మూడు శుక్రవారాలు పోయాయి. మూడని రాయండి."