ఎర్ర సిరా సున్నా

మెక్సికోలోని ఎర్మొసియో ఊళ్లో ముప్పయ్యేళ్లు భూగోళం చెప్పి రిటైరైన ఓర్తెన్సియా టీచరుకి రెండు పిచ్చులు. ఒకటి వీడియో గేములు, రెండోది ఎదుటివాళ్ల తప్పులు దిద్దడం. ఒక ఆదివారం ఆ రెండూ ఎదురుబొదురయ్యాయి.

సంతలో ఎవరిస్తో అనే తన పాత శిష్యుడి కొట్లో ఓడల గేము కార్డు కొంది. ఇంటికెళ్లి గీకి కోడ్ కొడితే, 'మీ ప్రాంతంలో చెల్లదు' అని వచ్చింది. వేడి టాకోలు పళ్లెంలో వదిలేసి మళ్లీ కొట్టుకి బయల్దేరింది.

"ఏరా, దీని మీద 'అమెరికాలో మాత్రమే' అని ఉంది కదా. మనం ఉన్నది మరి అంటార్కిటికానా?"

"టీచరమ్మా, ఆ గేము కంపెనీవాళ్ల దృష్టిలో అమెరికా అంటే ఆ సరిహద్దు అవతలి దేశం ఒక్కటే. కోడ్ ఏ ప్రాంతానికని అమ్మితే ఆ ప్రాంతపు ఖాతాలోనే పనిచేస్తుంది. మనకి 'లాటిన్ అమెరికా' అని ఉన్న కార్డు కావాలి."

"ఈ ఖండం ఆ కొస నుంచి ఈ కొస దాకా అమెరికాయేరా. ఒక దేశం పేరని రాసినందుకే కదా ఐదో క్లాసులో నీకు సున్నా వేశాను."

"మార్కులు వేసుంటే ఈపాటికి ఆ కంపెనీలోనే ఉండేవాణ్ణి."

గీకిన కార్డు వెనక్కి తీసుకోరు. ఆమె అడగనూ లేదు. సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి, 'అమెరికాలో మాత్రమే' అని వేలాడుతున్న ప్రతి కార్డు మీదా గుండ్రంగా సున్నా చుట్టి, కింద సంతకం పెట్టింది.

ఇప్పుడు ఆ కొట్లో ఎవరూ కార్డు మీద అచ్చువేసింది చదవరు. సున్నా పడని కార్డు ఇమ్మంటారు.