వాగుచాడ జాడ

మహాపురుషుల జీవితాలలో చరిత్ర మలుపు తిరిగే ఘట్టాలు కొన్ని ఉంటాయి. భద్రాచలం జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే చెంచురామయ్య గారి జీవితంలో అటువంటి ఘట్టాలన్నీ ఆయన వంగినప్పుడే సంభవించాయి. నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగి, నడుం వంచి, కాలికింది ఆకునొకదాన్ని తుంచి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి పరిశీలించి, చొక్కా జేబులో వేసుకోవడం ఆయన అలవాటు. ఈ అలవాటు ఏ కాలానిదన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. పెళ్లినాటికే ఉందని ఆయన భార్య ప్రమీలారాణి వాదం. ఏడడుగులు నడిచేటప్పుడు పీటల పక్కన గరికపోచ కనబడి ఆయన వంగగా, కొంగుముడి లాగి తను ఆయన వీపు మీద పడ్డానని ఆమె సాక్ష్యం. ఒక పంద్రాగస్టు నాడు జెండా ఎగురుతుండగా వంగితే, ప్రిన్సిపాల్ గారు అది దేశభక్తి అనుకుని పదిమందిలో మెచ్చుకున్నారు. పాడె మోస్తూ వంగాడన్నది మాత్రం గిట్టనివాళ్లు పుట్టించిన మాట. ఆయన మోయడం లేదు, ముందు నడుస్తున్నారంతే.

ఈ వంగడానికి ఒక గురుపరంపర ఉంది. ఆదిగురువు పిల్బీమ్ దొర. నూరేళ్ల కిందట, గోదావరి ఒడ్డున టేకు చెట్లెన్ని ఉన్నాయో చూసి రమ్మని సర్కారు పంపితే, ఆయన టేకును వదిలేసి కలుపు మొక్కల వెంట పడ్డాడు. ఒక ఏనుగు, రెండు ఎడ్లబండ్లు, మొక్కల్ని అదిమి ఆరబెట్టే కాగితాల కట్టలు మోయడానికి ప్రత్యేకంగా కొందరు కూలీలు, ఇదీ పరివారం. అందులో పని విభజన స్పష్టంగా ఉండేది. వంగడం కూలీల పని, పేరు పెట్టడం దొర పని. కనిపెట్టిన మొక్కకు తన పేరు తానే పెట్టుకోవడం దొరల్లో మర్యాద కాదు కనుక పిల్బీమ్ ఒక మొక్కకు పై అధికారి పేరు పెట్టాడు, ఆ పై అధికారి ఇంకో మొక్కకు పిల్బీమ్ పేరు పెట్టాడు. ఇలా ఇద్దరూ అమరులయ్యారు.

విశాఖలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో చెంచురామయ్య గారు ఈ దొర పుస్తకం చదివి దాసోహమన్నారు. అందులో ఒక మొక్క ఉంది. జానెడు ఎత్తు, నీలం పువ్వు. దొర దాన్ని ఒకేఒక్కసారి సేకరించాడు. ఆ తరవాత అది దొరికిందని రాసిన శాస్త్రజ్ఞుడు లేడు. దాన్ని అదే చోట మళ్లీ పట్టుకున్నవాడి పేరు, దొర పేరు పక్కన, అచ్చులోకి ఎక్కుతుంది. ఈ జన్మకు చెంచురామయ్య గారు కోరుకున్నది అదొక్కటే. ప్రమోషన్ కోసం కూడా ఆయన అంత ఆరాటపడలేదు.

డెబ్భైఆరులో ఆయన లండన్‌కు రాసి, దొర ఆరబెట్టిన ఆ మొక్క ఫొటో తెప్పించుకున్నారు. కింద దొర స్వహస్తంతో రాసిన చీటీ ఉంది. దొరికిన చోటు అన్నచోట ఒకటే మాట. డబ్ల్యూ, ఏ, జీ, యూ, సీ, ఏ, డీ, ఏ.

"వాగుచాడ," అన్నారు చెంచురామయ్య గారు, వీధి అరుగు మీద కూర్చుని, గంభీరంగా.

"ఏవండీ, అదెక్కడండీ?" అంది ప్రమీలారాణి.

"అదే తేలాలి. చాడ అని ఇంటిపేరుంది. నల్లగొండ జిల్లాలో చాడ అని ఊరే ఉంది. కనుక వాగు ఒడ్డున ఉన్న చాడ వాగుచాడ అవుతుంది. ఇందులో సందేహానికి తావు లేదు."

సందేహానికి తావు లేకపోయినా ఊరికి తావు దొరకలేదు. రెవెన్యూ పటాల్లో లేదు. జనాభా లెక్కల్లో లేదు. చర్ల రోడ్డులో కిరాయి జీపు తిప్పే అబ్దుల్ సత్తార్, ఆ అడవిలో తాను ఎరగని తోవ లేదనేవాడు, అతను కూడా తల అడ్డంగా ఊపాడు. దాంతో చెంచురామయ్య గారు అది లుప్తమైన గ్రామమని నిర్ధారించి, కలరాకు పోయిందా, వరదకు పోయిందా అన్న అంశం మీద కాలేజీ పత్రికలో ఒక వ్యాసం కూడా రాశారు. సెలవు రోజుల్లో సత్తార్ జీపెక్కి గూడెం గూడెం తిరిగి పెద్దవాళ్లను విచారించేవారు. మధ్యలో వాగులెన్నో దాటేవారు గాని జీపు దిగేవారు కాదు. ఊరు దొరక్క ముందు మొక్క కోసం వెతకడం శాస్త్రీయ పద్ధతి కాదని ఆయన అభిప్రాయం.

"ఆ దొర మీకేమవుతాడండీ?" అనేది ప్రమీలారాణి. "మా వైపు చుట్టమైతే చెప్పండి, కనీసం నేనైనా నాలుగు తిట్టుకుంటాను."

అలా పదేళ్ల పైన గడిచాక, ఒక ఎండాకాలం, ఆయన చర్ల రోడ్డుకు లోపలగా ఉన్న ఒక కోయ గుంపుకు చేరారు. పాతిక గుడిసెలు. మెట్ట మీద ఊరు, కింద వాగు. పెద్దమనిషి పేరు జంపయ్య.

"ఈ ఊరి పేరేంటయ్యా?"

"పేరేంది సార్. గుంపు."

"గుంపంటే ఏ గుంపు?"

"మా గుంపే."

"వాగుచాడ అని ఎప్పుడైనా పిలిచేవాళ్లా? మీ తాతల నాడు?"

జంపయ్య జీపును చూశాడు, సారు భుజాన ఉన్న సంచీని చూశాడు.

"పేరుంటే ఏమైతది సార్?"

"పేరుంటే రికార్డులోకి ఎక్కుతుంది. రికార్డుకెక్కితే బోరింగు వస్తుంది, బడి వస్తుంది."

"అవ్ సార్," అన్నాడు జంపయ్య. "మా తాత గట్లనే అనేటోడు."

చెంచురామయ్య గారు శాస్త్రీయ పద్ధతిలో రెండో మెట్టెక్కారు, అంటే వాగులోకి దిగారు. దిగీ దిగగానే వంగారు. జానెడు ఎత్తు, నీలం పువ్వు. ఆయన అక్కడే ఇసుకలో కూర్చుండిపోయారు. సత్తార్ బెదిరిపోయి, "సార్, పానం మంచిగుందా? దవాఖానకు తోలాల్నా?" అన్నాడు.

మొక్కను కాగితాల మధ్య అదిమి పంపితే, పరీక్షించిన పెద్దలు అదేనని ఒప్పుకున్నారు. దొర సేకరించిన చోటనే నూరేళ్లకు మళ్లీ దొరకడం విశేషమనీ, ఆయన పేరుతో ఒక ప్రకటన తమ శాస్త్ర పత్రికలో వేస్తామనీ జవాబిచ్చారు. ఇటు గుంపు వాళ్లూ ఊరుకోలేదు. లెక్చరర్ సారే చెప్పిండని అర్జీల మీద అర్జీలు పెట్టి వాగుచాడను రికార్డుకెక్కించారు, బోరింగు కూడా మంజూరు చేయించారు. ఎనభైఎనిమిదిలో ఊరి బోర్డు ఆవిష్కరణకు ఎమ్మార్వో గారు వస్తారని, చారిత్రక ఉపన్యాసం చెంచురామయ్య గారిదని కబురొచ్చింది.

ఆ పొద్దున ఇస్త్రీ పంచెలో, కండువాతో, ఆయన సత్తార్ జీపులో ముందు సీటెక్కారు. వెనక నలుగురి జాగాలో పదిమంది. అందులో మంగ్లి అనే లంబాడీ ఆమె తట్ట ఒళ్లో పెట్టుకుని కేకేసింది.

"సత్తారన్నా, నన్ను వాగు కాడ దించు."

"ఏ వాగు కాడ? దినాం గిదే లొల్లి నీతోని. తొవ్వ పొడుగూత వాగులే గదనే."

"గీ ముంగట వాగు కాడనే. జల్దీ ఆపు, బిడ్డ చూస్తుంటది."

చెంచురామయ్య గారి చెయ్యి కండువా మీద ఆగిపోయింది. వాగు కాడ. వాగు దగ్గర. ఈ మాట ఆయన పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి కొన్ని వేలసార్లు విని ఉంటారు. సొంతూరు సత్తుపల్లిలో వాళ్ల పాలేర్లు అనేవాళ్లు, ఆయన నాయనమ్మ అనేది. ఎమ్మెస్సీ అయ్యాక ఆయన మాత్రం అనలేదు. ఎక్కడిదిరా ఈ మొక్క అని నూరేళ్ల కింద దొర అడిగి ఉంటాడు. తెచ్చిన కూలీ వాగు కాడ అని చెప్పి ఉంటాడు. దొర సీతో రాసుకున్నాడు. కాకినాడను దొరలు సీతోనే రాసేవారు. చెంచురామయ్య గారి తండ్రి చదివింది ఆ కాకినాడలోనే. ఆ చదువు సర్టిఫికెట్ అద్దం ఫ్రేములో, కొడుకు మంచం పైన గోడకే వేలాడుతోంది. రోజూ లేవగానే కనబడే ఆ సీని చెంచురామయ్య గారు ఒక్కనాడూ చ అని చదవలేదు.

మంగ్లి దిగిపోయింది. జీపు కదిలింది.

"సత్తార్, వెనక్కి తిప్పుతావా?" అన్నారాయన, మెల్లగా.

"ఏమన్న మరిచిండ్రా సార్?"

ఏమి మరిచారో చెప్పడం కష్టం కనుక ఆయన ముందుకే పోనిమ్మని చెయ్యి ఊపారు. లెక్క చూస్తే సులువుగానే ఉంది. నోరు మూసుకుంటే పేరు అచ్చవుతుంది, గుంపుకు బోరింగు పడుతుంది, ఎవరికీ నష్టం లేదు. కాని దొర పుస్తకంలో మొదటి పేజీలోనే, చోటు తప్పుగా రాసిన సేకరణ చెత్తతో సమానమని ఉంది. ఆ వాక్యాన్ని ఏటేటా ఫస్టియర్ పిల్లల చేత బట్టీ పట్టించింది ఆయనే.

ఊరి ముందు రంగు కాగితాలు, మైకు. జంపయ్య ఎదురొచ్చి దండ వేశాడు. చెంచురామయ్య గారు అతన్ని పక్కకు లాగారు.

"నిజం చెప్పు జంపయ్యా. మీ తాత వాగుచాడ అన్నాడా?"

"మా తాతను నేను చూల్లే సార్," అన్నాడు జంపయ్య, దండ సర్దుతూ. "గవన్నీ ఇప్పుడెందుకు గని, జర మా దిక్కు మాట్లాడు. బోరింగు గీ బోర్డు పక్కన రోడ్డుకు వేస్తరట. ఈడ రాయి పడుతది. నీళ్లెక్కడియి? కింద వెయ్యమంటే ఇంటలేరు."

ఎమ్మార్వో గారు పర్దా లాగారు. చప్పట్లయ్యాయి. బోరింగు రోడ్డు పక్కనుంటేనే పై అధికారుల తనిఖీకి వీలని ఆయన సెలవిచ్చి కూర్చున్నాక, చెంచురామయ్య గారు మైకు ముందుకొచ్చారు. రాసుకొచ్చిన ఉపన్యాసం జేబులోనే ఉంచుకున్నారు.

"అయ్యా, నేను పొరబడ్డాను," అన్నారు. "పన్నెండేళ్లుగా పొరబడ్డాను. దొర రాసింది ఊరి పేరు కాదు. వాగు కాడ అని రాశాడు. వాగు కాడ. అంతకు మించి ఏమీ రాయలేదు."

గుంపు జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. జంపయ్య మెల్లగా లేచాడు.

"ఇన్నరా ఎమ్మార్వో సార్? మేమంటే నమ్మకపోతిరి. నూరేండ్ల కింద దొర గూడ రాసిపెట్టిండట, వాగు కాడనే అని."

"దొర రాశారా? బోరింగు సంగతా?" అన్నారు ఎమ్మార్వో గారు.

"కాదండీ, ఇది మొక్కకు సంబంధించి..." అన్నారు చెంచురామయ్య గారు.

"ఆయన నెత్తీ నోరూ కొట్టుకొని చెప్తుండు గద సార్," అంది ఆడవాళ్లలోంచి ఒక గొంతు. "ఊరు కాడ గాదు, వాగు కాడ అంటుండు."

చప్పట్లు ఇందాకటి కంటే గట్టిగా మోగాయి. ఎమ్మార్వో గారు చెవి దగ్గరికి వంగిన గుమాస్తాతో, "సైంటిస్టు గారి సిఫారసు అని రాసుకో," అన్నారు. ఒక సభలో తన కోసం తొలిసారి ఇన్ని చప్పట్లు పడ్డాయి కనుక, చెంచురామయ్య గారు ఏం చెయ్యాలో తోచక నమస్కారం పెట్టారు.

ఆ రాత్రే ఆయన శాస్త్ర పత్రికకు నిజం రాసి పంపారు. దొర సేకరించిన చోటు నిర్ధారణగా తెలియనందున ప్రకటన వేయలేమని వాళ్లు విచారం వెలిబుచ్చారు. "పోనీలెండి, ఊరైనా మిగిలింది," అంది ప్రమీలారాణి, ఈసారి ఎకసెక్కం లేకుండా. ఊరి పేరు సంగతి తేలాక ఆయనకిక వెతకడానికి ఊరు లేదు. అందుచేత ఆదివారాలు ఉత్తపుణ్యానికి వాగుల్లోకి దిగడం మొదలుపెట్టారు. నీలం పువ్వు మొక్క మొదటి వాగు కాడ ఉంది, రెండో వాగు కాడ ఉంది, మంగ్లి దిగిన వాగు కాడైతే కాళ్ల కింద పడి నలుగుతోంది.

జంపయ్య గుంపులో బోరింగు వాగు కాడనే వేశారు, సిమెంటు గట్టు కట్టి. నీళ్లు బాగా పడ్డాయి. కొంచెం ఇనుము వాసన వేస్తాయి.