ఎదురు రమ్మన్న మనిషి

"ఎదురు రాప్పా, నాను బయలెల్తన్నాను."

"మొగుడు పోయినదాన్ని తల్లీ. నానెదురొత్తే నీ పనేటవుద్ది?"

"నువ్వే రావాల. రా."

కొండ ఊళ్ళో దొరల కాలంనాటి రాతి చర్చి దగ్గర మేమిద్దరం అనుకున్న ఆఖరి మాటలవి. విశాఖ నుంచి ఒకే బస్సులో వెళ్ళాం; ఆమెతో పరిచయం ఆ దారిలోనే. కూతుర్ని ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేర్చి, కొవ్వొత్తి వెలిగించడానికి వచ్చిందట ఆమె. తిరుగు బస్సుకి ఆమె బయటికొస్తుంటే, ముందే మెట్లు దిగిన నేను అలవాటుగా గోడచాటుకి తప్పుకున్నాను. ఆమె పైమెట్టు మీదే ఆగిపోయింది. బస్సు హారన్ కొడుతున్నా కదల్లేదు. కొంగు తలమీదికి లాక్కుని ఎదురెళ్ళాను. ఆమె ఆ బస్సెక్కి వెళ్ళిపోయింది, నేను తర్వాతి బస్సుకి ఆగాను.

ఆ పిల్ల బతికిందో లేదో నాకు తెలియదు. మా వీధిలో ఎవరు బయలుదేరినా నేను ఇప్పటికీ లోపలికే పోతాను.

రాసీసావా కోడలా? "నువ్వే రావాల" అన్నకాడ మళ్ళీ ఒకసారి సదువమ్మా.