రేవులో అరటి, చౌరస్తాలో బత్తాయి

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగిన రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక వీధిలో, ఒక మేడ మీద రేకులు వేసిన గదిలో ఉండి పోటీ పరీక్షలకు చదివాను. గదిలో రెండు మంచాలు. రెండోది తెనాలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన మిత్రుడిది. అతని ఇంట్లో తాతగారు కూడా పట్టభద్రులే. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ని నేను. నోరు తెరిచే ముందు వాక్యాన్ని మనసులో ఒకసారి పూర్తిగా కట్టుకోవడం నా అలవాటు. అతనికి ఆ అవసరం ఉండేది కాదు.

మాకు ఇంటర్వ్యూ సాధన చేయించే సార్ పదవీ విరమణ చేసిన అధ్యాపకుడు. ఆయనకొక నియమం ఉండేది. అంతర్జాతీయ వివాదాల గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ దేశాల పేర్లు చెప్పకూడదు. "పేరు చెప్పగానే మీ అభిమానం బయటపడుతుంది. పెద్ద దేశం, చిన్న దేశం అనండి, చాలు. అటూ ఇటూ తూచండి. తూచాక మాత్రం ఒక వైపు నిలబడండి" అనేవారు. తలా ఒక అంశం ఇచ్చారు. నా వంతుకు వచ్చింది ఇది: సముద్రంలోని కొన్ని రాతిదిబ్బలు ఎవరివన్న వివాదంలో, ఒక పెద్ద దేశపు ప్రభుత్వం పొరుగునున్న చిన్న దేశం నుంచి వచ్చిన అరటిపండ్లను రేవులో నిలిపివేసింది. పండ్లకు పురుగు పట్టిందని కారణం చెప్పింది. ఈ చర్య సమంజసమేనా?

మిగిలినవాళ్లకు చమురు, అణు ఒప్పందాలు, నదీజలాలు వచ్చాయి. నాకు పండ్లు వచ్చినందుకు లోలోపల సంతోషించాను. మాది నల్లగొండ జిల్లాలో బత్తాయి తోట. అప్పటికి బోరు అడుగంటింది. ఆ ఏడు వానలు ఆలస్యంగానైనా పడి చెట్లు నిండుగా కాశాయి. ఆ కాపు మంచి ధరకు పోతే కొత్త బోరు వేయించి తోటను నిలుపుకోవాలని, పోకపోతే ఎండాకాలంలో చెట్లు కొట్టించి పత్తి పెట్టాలని మా నాయిన నిశ్చయించుకున్నాడు. ఆయన చేత్తో పెట్టిన చెట్లు అవి.

సాయంత్రాలు డిపో గోడ పక్కన టీ బండి దగ్గర నేనూ నా మిత్రుడూ అరటిపండ్ల మీద వాదించుకునేవాళ్లం.

"తుపాకీ పేల్చలేదు, ప్రాణం తీయలేదు. ఏ సరుకు కొనాలో నిర్ణయించుకునే హక్కు ఏ ప్రభుత్వానికైనా ఉంటుంది" అని నేను మొదలుపెట్టేవాణ్ని.

"ఆపరా బాబూ, రేడియోలో వార్తలు చదువుతున్నావా ఏంటి? హక్కుంటే హక్కని చెప్పొచ్చుగా. మధ్యలో ఆ పురుగెందుకు?"

"గట్ల బాహాటంగ ఎవడన్న చెప్తడా? చెప్తే పంచాయితీ అయితది."

"నువ్వు దాన్నెందుకు వెనకేసుకొస్తున్నావో నాకు తెలుసులే. మీవాళ్లు బస్సులాపుతున్నారని."

"ఆపితే తప్పేందిరా? మాకేమన్న ఫౌజున్నదా? బంద్ చేసుడు తప్ప మా చేతిల ఇంకేమున్నది?"

"నేననేదీ అదే. నీకు ఫౌజు లేదు, ఆ పెద్ద దేశానికుంది. ఉన్నోడు ఆపటం, లేనోడు ఆపటం ఒకటెలా అవుద్ది, బత్తాయ్?"

అతను నన్ను బత్తాయ్ అనేవాడు. నేనతన్ని గోంగూర అనేవాణ్ని. ఆ మాటలు మా ఇద్దరి మధ్య ఉన్నంతకాలం వాటిలో ఏ విషమూ లేదు. మెస్‌లో మరొకరు అతన్ని అలా పిలిచిన రోజు మాత్రం అతను తల వంచుకుని తినేసి లేచాడు. టీవీ చూసి భయపడిన వాళ్ల నాన్నగారు రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టారు. చివరకు ఒక ఉదయం అతను సంచి సర్దుకున్నాడు.

"గొడవ తగ్గాక వచ్చేస్తాలే. నా బకెట్‌లో బట్టలు నానబెట్టకు" అన్నాడు.

ఆ తర్వాత నేను గదిలో ఒంటరిగా సాధన చేశాను. ఖాళీ మంచాన్ని ఇంటర్వ్యూ బోర్డుగా భావించి మాట్లాడేవాణ్ని. "ఏ సరుకు కొనాలో నిర్ణయించుకునే హక్కు" అనగానే, తెలియకుండానే ఆగేవాణ్ని. అతను అడ్డు తగిలే చోటు అది. ఎవరూ అడ్డు తగలలేదు. వాక్యం చివరిదాకా వెళ్లి, రేకులకు తగిలి తిరిగి నా దగ్గరికే వచ్చేది.

ఆ వారంలోనే బంద్ ప్రకటించారు, వరుసగా రెండు రోజులు. ఆ కబురు మా ఊరికి చేరేసరికి నాయిన కాయ కోయించేశాడు. కోసిన కాయను మళ్లీ కొమ్మకు పెట్టలేం. వాన తడి ఆరకముందే బండికి లోడు ఎత్తి, పైన తాటిపత్రి, అంటే టార్పాలిన్, కప్పారు. అలా కప్పితే లోపల వేడి పుట్టి కాయ మెత్తబడుతుంది. అందుకని ఆయన ఆగకుండా బయలుదేరి, దారిలోంచి ఫోన్ చేశాడు.

"బంద్ గదా నాయినా, ఎల్బీ నగర్ కాడ ఆపుతరు" అన్నాను.

"ఎందుకాపుతరు? మనోళ్లే గద. డ్రైవర్ నంబర్ ప్లేట్ మీద ఏపీ తీసేసి టీజీ అని రాయించిండు" అన్నాడు ధీమాగా.

బస్సులు లేవు. నేను కొత్తపేట మీదుగా నడిచి వెళ్లాను. పండ్ల మార్కెట్ గేటు మూసి ఉంది. లోపల ఎప్పుడూ వినిపించే వేలం కేకలు లేవు. మూసిన గేటు ముందు ఒక ఆవు నిలబడి ఉంది, లోపలి వాసనకు వచ్చి కాబోలు.

ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు నడుస్తోంది. రోడ్డు మధ్యనే రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టారు. పెద్ద గంగాళంలో పులిహోర కలుపుతున్నారు. పక్కనే ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. విజయవాడ రోడ్డు వైపు బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఆ బారులోనే మా బండి కనిపించింది. మెడలో కండువా వేసుకున్న యువకుడొకడు నాయినతో మాట్లాడుతున్నాడు.

"ఏమున్నయి కాకా బండ్ల?"

"బత్తాయిలు బిడ్డా. కొత్తపేటకు."

"మార్కెట్ బందున్నది. నిన్ను ఇడిసిపెట్టినా ఏం జేస్తవ్?"

"మాది టీజీ బండన్నా" అని డ్రైవర్ అందుకున్నాడు.

"జర ఎన్కకు జూడు తమ్మీ. అన్నీ టీజీలే. టీజీని ఆపకుంటే ఇంకెవలను ఆపాలె?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాయినా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"ఈడనే అమ్ముకో పెద్దాయనా, మస్తు మంది ఉన్నరు" అని ఎవరో సలహా ఇచ్చారు.

"బంద్ నాడు బేరమేంది? దుకాణపోళ్లంత మూసుకొని కూసుంటే నేనొక్కన్ని అమ్ముకోవాల్నా?" అని నాయిన ఆ మాటను కొట్టిపారేశాడు. తాటిపత్రి ఒక మూల ఎత్తి, పాడిపాడి గొంతు ఆరిన ఆడవాళ్లకు గంపతో కాయలు తీసి ఇచ్చాడు. వాళ్లు ఆయన్ను తీసుకెళ్లి జంపఖానా మీద కూర్చోబెట్టి, విస్తట్లో పులిహోర వడ్డించారు.

"నువ్వు గూడ కూసో. నిలబడి జూస్తున్నవ్ పోలీసోని లెక్క" అన్నాడు నాయిన నన్ను చూసి.

కూర్చున్నాను. అందరితో కలిసి నినాదం ఇచ్చాను, మనస్ఫూర్తిగానే ఇచ్చాను. ఆ వందల గొంతుల్లో నా గొంతు ఉంది. చూపు మాత్రం ఎండలో నిలిచిన తాటిపత్రి మీద ఉంది. అక్కడ అలాంటి చూపు ఇంకెవరికైనా ఉందేమోనని వెతికాను. ఉన్నా, నాలాగే దాచుకుని ఉంటారు.

బండిని డ్రైవర్‌కు అప్పజెప్పి, పొద్దు వంగే వేళకు నాయిన నాతో గదికి వచ్చాడు. నా మిత్రుడి మంచం మీద కూర్చుని, నేను గోడకు అంటించుకున్న ప్రశ్నను చూపించి అదేమిటని అడిగాడు. సార్ నియమం ప్రకారమే, దేశాల పేర్లు లేకుండా చెప్పాను.

"గా రాళ్లు ఎవలయి?" అన్నాడు.

"ఇద్దరూ మాయేనంటరు."

"పెద్ద సర్కారు జేసింది ఒప్పే మరి. జాగ నాదనుకుంటే ఏదో ఒకటి ఆపాలె గద. ఊకె కూసుంటే ఎవడిస్తడు?"

"గా చిన్న దేశం రైతు ఏం జేసిండు నాయినా? రాళ్లు ఆయన అడిగిండా? పండు రేవుల మురిగింది."

"గది తప్పే" అని ఒప్పుకున్నాడు. "పక్కోని పండు ఆపుడు తప్పు."

"మరి మన బత్తాయిలు?"

"మనయి మనమే ఆపుకున్నం. గది వేరే."

ఇంకొక మాట అడగాలనిపించింది. ఆపుకున్నామా, ఆపితే ఆగామా అని. ఆయన అప్పటికే కాళ్లు చాపి కళ్లు మూసుకున్నాడు. ఆ ప్రశ్న అడిగితే, ఆ మధ్యాహ్నం ఆయన ఇచ్చిన గంపలను వెనక్కి తీసుకున్నట్లవుతుందని అనిపించింది. అడగలేదు. తెనాలిలో ఉన్న మిత్రుడైతే నిర్మొహమాటంగా అడిగేసేవాడు. ఫోన్ చేశాను. ఎత్తలేదు.

బంద్ ముగిసిన ఉదయం మార్కెట్ తెరిచారు. ఆగిన బండ్లన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. లోపల చోటు చాలక గేటు బయట కూడా కుప్పలు పోశారు. కమీషన్ వ్యాపారి మా కుప్పలోంచి ఒక కాయ తీసి బొటనవేలితో నొక్కాడు.

"ఉడికినట్టున్నయి పెద్దాయనా. ఇయ్యాల మాలు మస్తొచ్చింది. నా చేతిల ఏం లేదు" అన్నాడు.

ఆయన అన్నది నిజమే. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. వేలం పాట త్వరగా ముగిసింది. నాయిన ఖాళీ బండి ఎక్కి, నన్ను బాగా చదువుకొమ్మని చెప్పి వెళ్లాడు. బోరు గురించి ఆయన మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ ఎండాకాలం చెట్లు కొట్టించారు.

సాధన ఇంటర్వ్యూలో నా వంతు వచ్చినప్పుడు, ముందు కట్టుకున్న వాక్యాలన్నీ వదిలేశాను. "పెద్ద దేశపు చర్య సమంజసం కాదు సార్. అది ఆపిన పండు దానిది కాదు. భూమి కోసం చేసే త్యాగాన్ని, ఆ భూమి అడగనివాడి చేత చేయించింది" అన్నాను.

"అయితే ఎవరి పండు వారే ఆపుకుంటే సమంజసమేనా?"

"ఆ 'వారు'లో ఎవరెవరు ఉన్నారో ముందు తేల్చుకోవాలి సార్. నేనింకా తేల్చుకోలేదు."

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నిజమే. కానీ బోర్డు ముందు ఇలా అనకు, మార్కులు పోతాయి" అన్నారు.

మిత్రుడు తిరిగి రాలేదు. విజయవాడలోనే కోచింగ్‌లో చేరాడని ఎవరో చెప్పారు. అతని మంచం మీదికి మరొకరు వచ్చారు. బకెట్‌ను మాత్రం నేను ఎవరికీ ఇవ్వలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు నాయిన ఊరి నుంచి వచ్చాడు. ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా, మెట్రో పనుల కోసం అడ్డుపెట్టిన రేకుల పక్కనుంచి, రంగుల్లో తడిసిన మనుషుల మధ్య ఇద్దరం నడిచాం. ఆయన మొహంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. దాహమై కొత్తపేట దగ్గర జ్యూస్ బండి ముందు ఆగాం. ఆయన జీవితంలో బత్తాయి కొనుక్కోవడం అదే మొదలు.

"ఏడియివి?" అని అడిగాడు, తొక్క మీద గోరుతో గీరి వాసన చూస్తూ.

"అనంతపూర్ మాలు పెద్దాయనా. నల్లగొండయి తగ్గినయి గద."

నాయిన గ్లాసు అందుకుని, మధ్యలో ఆపకుండా తాగాడు. మూతి తుడుచుకుని, "తియ్యగనే ఉన్నయి" అన్నాడు.

ఆ మాటను ఏ వైపు తూచాలో నాకు తెలియలేదు. తెలిసినవాడు ఒకడుండేవాడు. అతని నంబరుకు ఫోన్ చేస్తే, వాడుకలో లేదని ఒక స్త్రీ గొంతు మూడు భాషల్లో చెప్పింది. నాయిన ఖాళీ గ్లాసు బండి మీద పెట్టి, జనం వెళ్తున్న వైపు నడిచాడు. నేను రెండు గ్లాసులకు డబ్బిచ్చి, ఆయన వెనకే వెళ్లాను.