మా పెద్దతాత వంట మాస్టరు కాదు

మా చిన్నప్పుడు... ఆదివారం వచ్చిందంటే ధర్మవరంలో మా ఇంటి పొయ్యి పెద్దతాత చేతుల్లోకి వెళ్లిపోయేది. పెద్దతాత అంటే మా తాతకు అన్న. పెళ్లి చేసుకోలేదు. మిలిటరీలో ఉద్యోగం వదిలేసి వచ్చి, తమ్ముడి ఇంట్లోనే గుంత మగ్గంలో కాళ్లు పెట్టి పట్టుచీరలు నేసిన మనిషి. వారానికి ఒక్కరోజు మాత్రం మగ్గం దిగి చపాతీలు చేసేవాడు. ఒక్కో చపాతీ వృత్తలేఖినితో గీసినట్టు ఉండేది...

రాగిసంగటి తప్ప వేరే దేవుణ్ణి ఎరగని ఇల్లు మాది. మగవాడు పొయ్యి దగ్గర కూర్చోవడమే వింత. అందులోనూ గుండ్రటి చపాతీ. ఇక సాక్షులెందుకు, విచారణ ఎందుకు... మిలిటరీలో ఈయన వంట మాస్టరని ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా తీర్మానించేశారు. ఆయన అవుననలేదు, కాదనలేదు. ఎవరైనా గుచ్చి అడిగితే, "ఏదో చేసినాంలే" అనేవాడు.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. సభ నిండుగా ఉండటం చూసుకుని అడిగాను. "పెద్దతాతా, నువ్వు యుద్ధంలో బాంబులేసినావా, బోండాలేసినావా?"

నవ్వుకు మూడు మగ్గాలు ఆగిపోయాయి. పెద్దతాత చేతికంటిన పిండి దులుపుకున్నాడు. "ముందు తిను. సల్లగయితాది" అన్నాడు.

ఆ ఒక్క జోకుతో మా వీధిలో నాకు పేరొచ్చింది. కాలేజీకి వెళ్లాక కూడా వాడుకున్నాను...

పోయినేడాది పెద్దతాత పోయాడు. వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టాం. ఆయన ఫోటో కింద పెద్ద అక్షరాల్లో 'మిలిటరీ వంట మాస్టరు' అని వేయించాం. ఆ మాట రాసిచ్చిన మహానుభావుడు ఎవరో కాదు, ఇంట్లో అందరికన్నా ఎక్కువ చదివిన నేనే.

ఈ నెల సంవత్సరీకం. కొత్త ఫ్లెక్సీకి మంచి ఫోటో కావాలని ఆయన ట్రంకు పెట్టె తెరిచాను. అడుగున చిన్న డబ్బా. అందులో రంగుల రిబ్బను ముక్క ఉంది, దానికి వేలాడాల్సింది లేదు. కింద మడత పెట్టిన ఇంగ్లీషు కాగితం. బాంబర్ విమానం నడిపిన పైలట్‌కు శౌర్య పతకం ఇస్తున్నామని రాసి ఉంది. పేరు మా పెద్దతాతది.

ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాను. తర్వాత నాయన దగ్గరికి వెళ్లాను.

"నాయనా, ఈ డబ్బాలో పతకం యాడ?"

"అదా... నీ మొలతాడుకు పోయింది గదప్పా."

మా ఊళ్లో అసలు జరీ ఉన్న పాత పట్టుచీరలు కాల్చి వెండి తీస్తారు. మా ఇంట్లో మగపిల్లాడు పుడితే, అవ్వ చీరలో వచ్చిన ఆ వెండితోనే మొలతాడు చేయించడం ఆనవాయితీ.

"నువ్వు పుట్టినప్పుడు చీరల్లో వచ్చిన వెండి చాల్లేదు. పెట్టెలో ఆ బిళ్ల ఊరికే పడి ఉండె. ఆటల్లో గెలిచింటాడులే అనుకుంటిమి."

"పెద్దతాతను అడిగినారా?"

"అడిగేదేముందిరా, ఇంట్లో వెండే గదా."

"ఆయనకు తెలిసిందా?"

"తెలిసింది. డబ్బా తెరిచి చూసి, మళ్లీ మూసిపెట్టినాడు. నిన్ను ఎత్తుకున్యాడు. అంతే."

అంతే అట...

అంటే బాంబులా బోండాలా అని నేను పళ్లికిలించిన రోజు, ఆ పతకం నా నడుము చుట్టూనే ఉందన్నమాట. కోపమొచ్చింది. నాయన మీద ఎంతో, నా మీద అంతకు రెండింతలు.

ఫ్లెక్సీలో మాట మార్చాలన్నాను. నాయన ఒప్పుకోలేదు.

"అదే పేరు గలోళ్లు మన ఊర్లోనే పది మంది ఉండారు. ఒక కాగితం పట్టుకోని పైలట్టు అంటే జనం నవ్వుతారు. ఆయప్ప పరువు తీయాకు."

వంట మాస్టరంటే నిలిచిన పరువు, పైలట్ అంటే పోతుందట. సరే, సాక్షిని తెస్తానన్నాను.

పెట్టెలో ఇంకో ఫోటో దొరికింది. విమానం పక్కన ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు పెద్దతాత. రెండో ఆయన పేరు వెనక రాసి ఉంది. ఫేస్‌బుక్‌లో వైమానిక దళంలో రిటైరైన వాళ్ల గ్రూపు ఒకటి వెతికి, అందులో ఆ ఫోటో, నా ఫోన్ నంబరు పెట్టాను. మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. రెండో ఆయనే. కోలారు మనిషి, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. నాయనకు కూడా వినపడాలని స్పీకర్‌లో పెట్టాను.

"నేను దారి చూపేవాణ్ణి, వాడు నడిపేవాడు. ఆ విమానంలో మేమిద్దరమే" అన్నాడు. "బాంబులేసి తిరిగొస్తావుంటే కింద నుంచి కొట్టినారు. ఒక ఇంజను పాయె. నా కాలు నుజ్జయిపాయె, నేను దూకలేను. వాడు దూకొచ్చు. దూకురా అని తిట్టినా కూడా. వాడు దూకల్యా. ఆ ఒక్క ఇంజనుతోనే నన్ను ఇంటికి తెచ్చినాడు."

నాయన ఆ ఇంగ్లీషు కాగితాన్ని తన దగ్గరికి తీసుకున్నాడు.

"ఫోన్ వానికియ్యప్పా. ఉద్యోగం వదిలేసి పోయినోడు ఒక జాబు రాయల్యా. యాభై ఏండ్లాయె, వెతుకుతానే ఉండా."

"పోయినేడాది పోయినాడు సార్."

 ఆయన నెమ్మదిగా అడిగాడు. "ఆ రోజు ఏమాయెనని మీ ఇంట్లో ఎవరన్నా వాణ్ణి అడిగినారా?"

"లేదు సార్."

ఫోన్ పెట్టేశాడు.

నిన్న కొత్త ఫ్లెక్సీ కట్టాం. ఈసారి నాయనే తాడు పట్టుకున్నాడు. 'బాంబర్ విమాన పైలట్, శౌర్య పతక గ్రహీత'. దారిన పోయేవాళ్లు ఆగి చదువుతున్నారు. "ఏమన్నా, సచ్చినాంక ప్రమోషనా?" అని ఒకాయన నవ్వాడు. కొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ ఆ నవ్వు ఈ వీధికి నేర్పింది నేనే...

ఆకాశంలో ఏ విమానం ఎక్కడికి పోతోందో ఇప్పుడు ఫోన్‌లో చూసుకోవచ్చు. పక్క మంచం మీది మనిషి ఎక్కడి నుంచి ఎగిరొచ్చాడో మాత్రం ఆయన్నే అడగాలి. నాకు పాతికేళ్ల ఆదివారాలు దొరికాయి... ఒక్కటీ వాడుకోలేదు.

మీ ఇంట్లో అట్లాంటి మనిషి ఇంకా ఉన్నారా? ఈ పోస్టుకు లైకు తర్వాత కొట్టొచ్చు. ముందు లేచి వెళ్లి అడగండి... చెప్పింది వచ్చి కింద రాయండి.