ఎల్లవ్వ వేలిముద్ర

ఇన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ముంబయి కామాటిపురలో, ఒక్కో గదిలో ఒక్కో సంసారం ఉండే మా పాత చాల్ కూల్చి కొత్త బిల్డింగ్ కట్టాలన్నప్పుడు, బిల్డరుతో మాట్లాడే కమిటీకి ఎన్నిక పెట్టారు. మా పక్క ఖోలీ గదిలో ఉండే బాలమణక్క నిలబడింది. పైన అటకల్లో అద్దెకుండే ముసలివాళ్ళకు కూడా ఇళ్ళు ఇప్పిస్తానంది. ఆమెకు పోటీగా నిలబడినాయన మా ఇంటికొచ్చి, తను గెలిస్తే రోడ్డువైపు గాలి వచ్చే ఇల్లు నాకే ఇప్పిస్తానన్నాడు. నాకు ఆశ పుట్టింది.

ఓట్ల రోజు అధికారి మరాఠీలో చెప్పేది అటకల అవ్వలకు తెలుగులో చెప్పడం నా పని. గుర్తు మీద రబ్బరు ముద్రతో ఠప్పా కొట్టాలి, వేలిముద్ర వేస్తే ఓటు చెల్లదు అన్నాడాయన. వాళ్ళ ఓట్లన్నీ బాలమణక్కకేనని తెలిసే, నేను వేలిముద్ర వెయ్యమని చెప్పాను. ఇటుకలు మోసినన్నాళ్ళూ వేలిముద్ర వేసే కూలి తీసుకున్న ఆడవాళ్ళు. వాళ్ళకెందుకు అనుమానం వస్తుంది?

ఆ ఓట్లు చెల్లవన్నారు, బాలమణక్క ఓడింది. మళ్ళీ లెక్కపెట్టినప్పుడు చెల్లుతాయన్నారు, గెలిచింది. ఎదుటివాళ్ళు కోర్టుకెక్కారు. అవ్వలకు ఎవరైనా తప్పు చెప్పారని తేలితే ఎన్నిక మళ్ళీ జరిగేది. బోనులో నన్నే అడిగారు. ఉన్నది ఉన్నట్టే చెప్పానన్నాను. బాలమణక్క నా వైపు చూసింది. ఆమెకు తెలుసా? తెలిసీ ఊరుకుందా? ఇప్పటికీ తేల్చుకోలేను. వేలిముద్ర ఓటు చెల్లదని తీర్పొచ్చింది. ఎక్కడ ఇలాంటి గొడవ వచ్చినా వకీళ్ళు మా తీర్పునే చూపిస్తారట. దాని కింద నా అబద్ధముందని వాళ్ళకేం తెలుసు!

తీర్పు విని మా అటక మీది ఎల్లవ్వ కిందికి దిగొచ్చింది. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని ఫాక్‌లాండ్ రోడ్డంతా తిప్పింది ఆమే.

"నా అంగూఠా వల్లనే బాలమణి ఓడిందంటున్నరు. నిజమేనా బిడ్డా?"

"అవునవ్వా. ఠప్పా కొట్టాల్సుండె."

తేలు కుట్టిన దొంగలా కాసేపైనా నోరు మూసుకోలేదు నేను. వెంటనే అనేశాను. అంత సులువుగా ఎలా అనగలిగాను?

ఆ తర్వాత ఆమె ఎక్కడా వేలిముద్ర వెయ్యలేదు. రేషన్ షాపులో మిషన్ ముందుకు జరిపితే, మళ్ళీ ఎవరి కొంప ముంచుతుందోనని చెయ్యి కొంగులో దాచుకునేది. బియ్యం లేకుండానే తిరిగొచ్చేది. చాల్ కూల్చాక ఆమెకు ఇల్లు రాలేదు. వర్లిలో చెల్లెలి కూతురి దగ్గర తలదాచుకుని అక్కడే పోయింది.

నేను రోడ్డువైపు ఇంట్లోనే ఉంటున్నాను. గాలి బాగానే వస్తుంది, అబద్ధమెందుకు. కిటికీ దగ్గర కూర్చుంటే మాత్రం కొంగులో దాచుకున్న ఆ చెయ్యే గుర్తొస్తుంది. ఏడుపొస్తుంది. ఏడ్చే హక్కు నాకుందా?

ఇది చెప్పాక గుండె కొంచెం తేలికైంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది. ఆమె అడిగిన రోజున చెప్పాల్సిన మాట ఇప్పుడు మీకు చెబుతున్నాను. తప్పు నీ వేలిది కాదవ్వా, నా నోటిది.