మా మామ తెచ్చిన బస్రా పిస్తోలు

రాసుకుంటాండావా నాయనా? మీ ముత్తాత, అంటే మా మామ, మొదటి జర్మనీ యుద్ధానికి పోయి బస్రాలో ఓడ దిగేతలికి మిట్టమధ్యాన్నమంట. భుజాన తుపాకి, మోకాళ్ల దాకా పట్టీలు. ఏటి గట్టున కర్జూరం చెట్లు. ఆవలంతా బురద.

"ఏమిరా కడపోడా, ఎండకు చస్తాండావా?" అన్యాడంట హవల్దారు.

"ఇది ఎండా హవల్దారూ? మా ఊరికి రా, సూపిస్తా."

ఆడ కందకంలో టర్కీ ఆఫీసరొకడు చచ్చిపడింటే, వాని నడుముకుండాదంట ఆ పిస్తోలు. "ఎత్తుకోరా, ఇది లేకుంటే నువ్వు యుద్ధం చూసినావని మీ ఊర్లో ఎవురు నమ్ముతారు?" అన్యాడంట హవల్దారే. మామ పోయేముందు మా అత్త చేతిలో పెట్టినాడు. "కష్టమొస్తే అమ్ముకోండి. దొరలు ఎగబడి కొంటారు."

వచ్చింది కష్టం. రెండేండ్లు చినుకు రాల్లేదు. మేత అయిపాయ. ఎద్దులు పండుకుంటే లేయలేవు, నలుగురం పట్టి లేపల్ల. అవి పోతే రేపు వానొచ్చినా మడక ఎవురు లాగల్ల? కడప దగ్గర కాలవ కింద ఊర్లల్లో వరిగడ్డి ఉండె. పిస్తోలిచ్చి ఒక బండి గడ్డి తెచ్చుకుందామని మా ఆశ. మీ తాత ఎద్దుల్ని ఇడిసి రాలేడు. నేనూ మా అత్తా పోతిమి. గంపలో అడుగున పిస్తోలు, పైన చింతపండు. గువ్వలచెరువు కనుమ దిగి కడప చేరేతలికి పొద్దు వాలె.

బందూకులు బాగుచేసే సాయిబు దాన్ని తిప్పితిప్పి చూసినాడు. తూటాను కొట్టే గుర్రం లాగితే కదల్లేదు. పుల్లతో గొట్టంలో గీకితే పసుపు రాలె.

"అమ్మా, దీన్ని తోమింది ఎవురు?"

"నేనే సాయిబూ" అనె మా అత్త. "ప్రతి దసరాకీ. చింతపండు, ఇటికెపొడి పెట్టి చెంబు తోమినట్ల తోమి, పసుపు కుంకుం పెట్టి, మడక పక్కన పూజకు పెడ్తా. ఎట్ల మెరుస్తాండాదో సూడు!"

"అదే తల్లీ. దీని మింద టర్కీ అచ్చరాలు, నంబరు ఉండల్ల. దొరలు కొనేది అవి చూసే. అంతా అరగదీసినావు. లోపల తుప్పు. ఇప్పుడిది ఇనుపముక్క."

"దేవునికి పెట్టిన వస్తువుకి విలువ పోతాదా?"

సాయిబు గొంతు తగ్గించినాడు. "లైసెన్సు ఉండాదా?" మా అత్త నా మొకం చూసింది. "లేకుంటే పోలీసోళ్లు నిన్నూ నన్నూ ఇద్దర్నీ లోపలేస్తారు. ఎత్తుకోండి తొందరగా. నీళ్లు తాగిపోండి."

తెల్లారి కనుమ ఎక్కుతా ఎక్కుతా మా అత్త నిలబడె. గంపలో చెయ్యి పెట్టి, దాన్ని బండసందులోకి ఇసిరేసె. కింద యాడో టంగుమనె. "నీ మామ అంత దూరం మోసుకొచ్చె, మ్మే" అనె.

ఇంటికి పోతే వాకిట్లో దుమ్ము. మీ తాత ఇంటి మీదుండాడు. కప్పు మింది బోద గడ్డి పీకి కిందికేస్తాండాడు. చిన్నెద్దు పొద్దున్నే చచ్చిపాయనంట. దూలాల సందున ఎండ నేరుగా నా పొయ్యి మీద పడతాండె.

"గడ్డేదే?" అన్యాడు పైనుండి.

మా అత్త గంప దించి, కొంగు బిగించి, నిచ్చెనెక్కి తనూ పీకబట్టె.

ఇప్పుటికీ కండ్లు మూస్తే అదే నాయనా. పెద్దెద్దు, పొగకు నల్లగైన మా ఇంటికప్పును మెల్లగా నములుతాండాది.